నానమ్మ పేరు మైకులో

మనుషులందరినీ పేరుపేరునా ఎరిగిన దేవునికి స్తోత్రం. నిన్న సాయంత్రం మా సంఘం వాట్సాప్ గ్రూపు తెరిస్తే, ఈమధ్య అలవాటైన తీరులోనే 'ఒక సహోదరి కోసం', 'ఒక కుటుంబం కోసం' అంటూ పేర్లు లేని ప్రార్థన విన్నపాల మధ్య, ఒక్కదానిలో మాత్రం ఇంటిపేరుతో సహా నిండు పేరు కనిపించింది. అది నా పేరే. వచ్చే వారం నాకు మోకాలి ఆపరేషన్. పెట్టిందెవరో చూడగానే నవ్వొచ్చి, అమెరికాలో, షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో పిల్లలకు తెలుగు చెప్పిన రోజులు కళ్లముందుకొచ్చాయి.

అప్పటికింకా అందరి చేతుల్లో ఈ ఫోన్లు లేవు. ఒక అమెరికన్ చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకునేవాళ్లం. దానికి ముందు నా తరగతి. ఆ రోజు పాఠం సంజ్ఞానామాలు, పిల్లల మాటలో ప్రాపర్ నౌన్స్. ఊరి పేరంటే షికాగో, బేత్లెహేము అన్నారు, నది పేరంటే మిసిసిపీ, యొర్దాను అన్నారు. నాకు గర్వంగానే అనిపించి, ఈ హాల్లో ఉన్న పెద్దల్లో ఎవరి పేరైనా చెప్పమన్నాను. పులిహోర ఆంటీ, కీబోర్డ్ అంకుల్, వైట్ వ్యాన్ అంకుల్, అంతకు మించి ఒక్కరికీ తెలియదు. నేనైతే టీచర్ ఆంటీని. అందరం పడీ పడీ నవ్వాం.

నవ్వనిది ఎనిమిదేళ్ల పాప ఒక్కతే. బాపట్లలో వాళ్ల నానమ్మకు మర్నాడు గుండె ఆపరేషన్. ఆ విన్నపం మైకులో తానే చెబుతానని నాన్న దగ్గర మాట తీసుకుని వచ్చింది. నానమ్మ పేరు తనకూ తెలియదని అప్పుడే తట్టి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నానమ్మ అందరికీ ఉంది కదా ఆంటీ. జీసస్ రాంగ్ నానమ్మ దగ్గరికి వెళ్తే?"

మంచి కాపరికి తన గొర్రెలన్నీ తెలుసునని నచ్చజెప్పాను గానీ ఆ కళ్లనీళ్లు ఆగలేదు. కుర్చీలు వేస్తున్న తండ్రి దగ్గరికి నన్ను లాక్కెళ్లింది. కన్నతల్లిని పేరుపెట్టి పిలిచే అలవాటు మనకెక్కడిది? ఆయన అటూ ఇటూ చూసి, వంగి, కూతురి చెవిలో గుసగుసగా చెప్పాడు. అంత మెల్లగా అందిన పేరును ఆ పిల్ల ప్రార్థన వేళ అమెరికన్ యాసలో హాలంతా మోగేలా చెప్పింది, సుగుణమ్మ అని. తండ్రి తలదించుకుని నవ్వుతుంటే, సంఘమంతా ఆ పేరెత్తి మొరపెట్టింది.

ప్రభువు కృపతో ఆవిడ కోలుకుంది. ఫోన్లో ఈ సంగతి విని, పెళ్లయ్యాక తన పేరు ఇంతమంది నోట వినబడటం ఇదే మొదటిసారని మురిసిపోయిందట. మరుసటి ఆదివారం పిల్లలందరూ పెద్దల పేర్లు మోసుకొచ్చి మైకు దగ్గర వరుస కట్టారు. "టీచర్ గారూ, మీ గ్రామర్ వల్ల బిర్యానీ చల్లారిపోతోందండీ," అన్నాడు కీబోర్డ్ వాయించే ఆయన.

నిన్న గ్రూపులో నా పేరు పెట్టింది, ఇప్పుడు పెద్దదైన ఆ పాపే. ఇన్నేళ్లు టీచర్ ఆంటీగానే ఉండిపోయిన నేను, నా పేరును నేనే రెండుసార్లు చదువుకున్నాను. ఇప్పుడు ప్రైవసీ అంటారు, తప్పుపట్టను. కానీ పేరులేని విన్నపం కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టేసి ముందుకు సాగిపోతున్నాం. పేరుంటే ఒక ముఖం కనబడి వేలు కాసేపు ఆగుతుంది. మీకు ఆంటీగానో అత్తగానో మాత్రమే తెలిసిన ఒక పెద్దావిడ ఉండే ఉంటుంది. ఆవిడ పేరు ఇవాళ అడిగి తెలుసుకుని, నాతోపాటు కళ్లు మూసుకుని, ఆ పేరును కాస్త గట్టిగానే దేవుని సన్నిధిలో చెప్పండి.