రాసుకున్న నాలుగు నిమిషాలు

మా కీబోర్డు మాస్టారు పోయారని పోయిన మంగళవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను మాదాపూర్‌లో, మా ఆఫీసు ఎనిమిదో అంతస్తులో, రోజూ పొద్దున నిలబడి జరుపుకునే మీటింగులో ఉన్నాను. ఫోన్ పెట్టేసేసరికి నా వంతు వచ్చింది. నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేయబోతున్నానో చెప్పాలి. చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు ఒక్క మాటా గుర్తులేదు. ఆయనకు గుండె జబ్బు రెండేళ్లుగా ఉన్నదే. అయినా అంతకుముందు ఆదివారం కూడా ఆయన ఇద్దరికి పాఠం చెప్పారట.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఆ అమ్మాయే అడిగింది. ఆయన మంచివారు, ఓపిక గలవారు అని రాసి ఊరుకోవచ్చు. కానీ మా ఇద్దరి మధ్య జరిగిన ఒక సంగతి దాచిపెట్టి మిగతావన్నీ రాస్తే, ఆ కాగితం ఆయన చదవకుండానే పక్కన పెట్టేసి ఉండేవారు. అందుకని అదే రాస్తున్నాను.

మాస్టారిది కాకినాడ. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించేవారట. మూసాపేటలో రెండో అంతస్తులో ఒక గది కిరాయికి తీసుకుని శని, ఆదివారాలు పాఠాలు చెప్పేవారు. వచ్చేవాళ్లలో చాలామందిమి ఐటీ ఉద్యోగులమే. పాట వినే ముందు చేతి గడియారం తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. టీ చల్లారిపోతున్నా సరే, పాట మధ్యలో గ్లాసు ముట్టుకునేవారు కాదు. పాఠం పాత క్యాలెండరు కాగితాల వెనక రాసిచ్చేవారు. నా దగ్గర అలాంటివి ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి.

ఆ గదిలో ఎప్పుడూ తెగని తగాదా ఒకటుండేది. జాజ్ ఫ్యూజన్‌ని ప్రోగ్రెసివ్ రాక్ కింద లెక్కవేయాలా వద్దా అని. రెండూ పాశ్చాత్య సంగీతంలో బాణీలే, బయటివాళ్లకు ఇదేం తగాదా అనిపిస్తుంది. మాకు మాత్రం దాని మీద మొహాలు ఎర్రబడేవి. రెండింట్లోనూ పాట పది, పదిహేను నిమిషాలు సాగుతుంది. రెండింట్లోనూ ఐదు, ఏడు, పదకొండు లెక్కల వంకర తాళాలుంటాయి. వాయిద్యాలూ అవే. వినేవాళ్లూ వాళ్లే. అలాంటప్పుడు వేరే పేరెందుకని నా వాదన.

మాస్టారు ఒప్పుకునేవారు కాదు. ప్రోగ్రెసివ్ రాక్‌వాళ్లు పాటను పెద్దదిగా కట్టాలనుకున్నారు, ప్రతి మలుపూ ముందే రాసుకున్నారు. ఫ్యూజన్‌వాళ్లు జాజ్ నుంచి వచ్చారు, కరెంటు వాయిద్యాలు పట్టుకున్నా అప్పటికప్పుడు పుట్టించడం మానలేదు. “ఒకళ్లకి ముందేం వస్తుందో తెలుసమ్మా. ఇంకొకళ్లకి తెలీదు. అంతకంటే పెద్ద తేడా ఏవుంటుంది?” అనేవారు.

ఆఫీసులో కొందరం కలిసి కట్టుకున్న బృందంలో డ్రమ్స్ వాయించే సంతోష్ కూడా నాతో ఆ గదికి వచ్చేవాడు గానీ, ఈ వాదనలో చేరేవాడు కాదు. లింగంపల్లిలో పుట్టి పెరిగినవాడు, నాతోపాటే ఆఫీసులో చేరినవాడు. ఒక్కసారి మాత్రం, “గవన్నీ పేర్లే మాస్టారూ. చెవికి పేర్లు తెలుస్తయా?” అన్నాడు. మాస్టారు అతని వైపు తిరిగి, తెలుస్తాయనే అన్నారు.

నా సంగతి చెప్పాలి. నాకు అప్పటికప్పుడు వాయించడం రాదు. భయం. కాగితం మీద ఉన్నది ఎంత కష్టమైనా వాయిస్తాను. కాగితం తీసేస్తే చేతులు బిగుసుకుపోతాయి. మాస్టారికి ఇది తెలుసు. మూడేళ్లపాటు నన్ను అందులోంచి బయటకు లాగడానికి చూశారు. “తప్పు వాయించమ్మా, పరవాలేదు. దాక్కుని వాయించకు” అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మూడేళ్ల కిందట ఐటీ ఉద్యోగుల సంగీత బృందాలకు ఒక పోటీ పెట్టారు. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు ఆవరణలో, మెట్లు మెట్లుగా ఉన్న ఆరుబయలు వేదిక. అంశం ప్రోగ్రెసివ్ రాక్ మాత్రమే. గెలిచినవాళ్లు బెంగళూరులో పెద్ద సంగీతోత్సవంలో వాయిస్తారు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో మాస్టారు ఒకరు. మా శిష్యులు కూడా ఉన్నారండీ, నేను వద్దు అని ఆయన ముందే చెప్పారట. నిర్వాహకులు వినలేదు. సంతోష్ ఉద్యోగం ఆ నెలలోనే పోయింది. బెంగళూరు దాకా వెళితే ఎవరో ఒకరి కంట్లో పడతానని, ఇక డ్రమ్స్ మీదే బతకొచ్చని అతను ఆశపడ్డాడు. మాతో ఆ మాట ఎక్కువగా అనేవాడు కాదు గానీ, రిహార్సల్‌కు అందరికంటే గంట ముందు వచ్చేవాడు.

మా పాట పన్నెండు నిమిషాలు, ఏడు లెక్కల తాళం. మధ్యలో నాలుగు నిమిషాలు నేను ఒక్కదాన్నే కీబోర్డు మీద సాగాలి, సంతోష్ డ్రమ్స్‌తో వెంట రావాలి. రిహార్సల్‌లో ఆ చోటు ఏదో పైపైన వాయించి, వేదిక మీద కొత్తగా పుట్టిస్తానని అందరికీ చెప్పాను. నిజానికి రెండు నెలలు ఇంట్లో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ నాలుగు నిమిషాలూ స్వరం స్వరం రాసుకుని బట్టీ పట్టాను. ఎక్కడ తడబడినట్టు కనిపించాలో కూడా రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం బాగా వాయించాం. మధ్య భాగం రాగానే సంతోష్ నా చేతుల వైపే చూస్తూ, నేను ఎటు వెళితే అటు వచ్చాడు. అతను వాయించినది మాత్రం నిజంగా అప్పటికప్పుడు పుట్టినదే. జనం లేచి నిలబడ్డారు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోవడం వేదిక మీద నుంచి కనిపిస్తోంది. మిగతా ఇద్దరూ తలూపుతున్నారు. మాస్టారు ఊపడం లేదు. కాసేపటికి ఆయన మైకు తీసుకుని లేచారు.

“ఒక్క ప్రశ్న. మధ్యలో వాయించిన నాలుగు నిమిషాలూ రాసుకున్నవా, అప్పటికప్పుడు పుట్టినవా?”

ఎందుకు అడుగుతున్నారో కూడా అందరికీ వివరించారు. రాసుకున్నదైతే ఇది ప్రోగ్రెసివ్ రాక్. పుట్టినదైతే ఫ్యూజన్, ఎంత గొప్పగా ఉన్నా ఈ పోటీకి చెందదు. నియమం నియమమే అన్నారు.

మైకు నా చేతికి వచ్చింది. రాసుకున్నది అని ఒక్క మాట అంటే గెలుస్తాం. అది నిజం కూడా. సంతోష్ చేతిలో కర్రలు కదలకుండా ఉన్నాయి. ముందు వరసలో మా ఆఫీసువాళ్లు ఉన్నారు. మాస్టారు నన్నే చూస్తున్నారు. ఆ కళ్లలో నేను అంతకుముందు ఎప్పుడూ చూడని సంతోషం ఉంది. మూడేళ్ల తర్వాత ఈ పిల్ల బయటకు వచ్చింది అన్న సంతోషం. ఓడిస్తున్నందుకు బాధపడుతూనే లోపల మురిసిపోతున్నారు. దాన్ని నా చేతులతో చెరపలేకపోయాను.

“అప్పటికప్పుడు పుట్టిందే, మాస్టారూ” అన్నాను.

మమ్మల్ని పోటీలోంచి తప్పించారు. సంతోష్ కర్రలు సంచిలో పెట్టుకుని వేదిక దిగిపోయాడు. నెల తిరగకుండా డ్రమ్స్ అమ్మేశాడు. చందానగర్‌లో బంధువుల ఎలక్ట్రికల్ దుకాణంలో కూర్చుంటున్నాడని విన్నాను. నేను మాస్టారి దగ్గరికి వెళ్లడం మానేశాను. ఆయన ఫోన్ చేస్తే తీయలేదు. తీర్పు మీద కోపంతో రావడం లేదని ఆయన అనుకున్నారు. అలా అనుకోనిచ్చాను. ఏడాదిన్నర గడిచింది.

ఒక మధ్యాహ్నం ఆఫీసు సెక్యూరిటీ నుంచి ఫోన్, మీకోసం ఎవరో పెద్దాయన వచ్చారని. కిందికి దిగితే గేటు పక్కన ఎండలో మాస్టారు. బాగా చిక్కిపోయారు. మెడలో సందర్శకుల కార్డు తగిలించుకుని, దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డారు. పక్కనే ఉన్న బల్ల మీద కూర్చోబెట్టాను. ఆయన వచ్చింది నాకు క్షమాపణ చెప్పడానికి. తీర్పు తప్పేమోనని ఏడాదిన్నరగా నలుగుతున్నారట. ఒక పేరు కోసం ఇద్దరు పిల్లల దారి మూసేశానా అని, నిర్వాహకులకు ఉత్తరం రాశానని, అది చూసిపెట్టమని జేబులోంచి కాగితం తీశారు.

ఆ కాగితం నేను తెరవలేదు. అది రాసుకున్నదే అని చెప్పాను. రెండు నెలలు బట్టీ పట్టానని, తడబాటు కూడా రాసుకున్నానని చెప్పాను.

ఆయన కాగితాన్ని మడతపెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. తిడతారనుకున్నాను.

“సంతోష్‌కి తెలుసా?” అన్నారు.

తెలియదన్నాను.

“అయితే పద” అని లేచారు.

సెలవు కూడా పెట్టలేదు. హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కాం. రైలు హఫీజ్‌పేట దాటింది. తర్వాత నా వైపు చూడకుండానే అన్నారు. ఆ నాలుగు నిమిషాల్లో నువ్వు రాసుకున్నది వాయించావు, అతను అప్పుడే పుట్టించాడు, ఇద్దరిదీ ఒకే పాట, దానికి నేనేం పేరు పెట్టాలి అని. నలభై ఏళ్లుగా తేడా చెవికి తెలుస్తుందని చెబుతూ వచ్చానని, ఆ రోజు తన చెవికే తెలియలేదని కూడా అన్నారు. నేను ఏడుస్తున్నాను. ఆయన ఓదార్చలేదు.

“తేడా లేదని అనుకోకు. వినేవాడికి లేకపోవచ్చు. వాయించేవాడికి ఉంది. నీకు ఉంది కాబట్టే అబద్ధం చెప్పావు.”

చందానగర్‌లో దిగాం. సంతోష్ దుకాణంలో వైరు చుట్టలు సర్దుతున్నాడు. మాస్టారిని చూసి కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. మధ్యలో మాస్టారు ఒక్కసారి కల్పించుకుని, అడగకూడని ప్రశ్న అడిగింది నేనే బాబూ, నా వంతు కూడా ఇందులో ఉంది అన్నారు. సంతోష్ చేతిలో ఉన్న వైరు చుట్టను బల్ల మీద పెట్టాడు.

“గా దినం సంది నేనే తప్పు చేసిన అనుకున్న” అన్నాడు, మెల్లగా. “నేను ఇష్టమొచ్చినట్టు కొట్టిన, హద్దు దాటిన, అందుకే మాస్టారుకు అది ఫ్యూజన్ లెక్క వినబడ్డది అనుకున్న. అందుకే అమ్మేసిన.”

నేను తల దించుకున్నాను.

“ఇప్పుడైతే ఏం అనను. జర టైం ఇయ్యి నాకు” అని, ఎవరో గిరాకీ వస్తే లేచి వెళ్లాడు.

మాస్టారు నిర్వాహకులకు వేరే ఉత్తరం రాశారు. అందులో నా అబద్ధమూ ఉంది, ఆయన పొరపాటూ ఉంది. ఫలితం మారలేదు. ఆయన మాత్రం మారారు. నేను మళ్లీ పాఠాలకు వెళ్లడం మొదలుపెట్టాక, తరగతిలో ఎవరైనా ఆ పాత తగాదా ఎత్తి, ఫ్యూజన్‌ని ప్రోగ్రెసివ్ రాక్‌లో కలపాలా అని అడిగితే, “నాకు తెలీదండి” అనేవారు. కొందరికి అది నిరాశ కలిగించింది. డెబ్బై ఏళ్ల మనిషి ఆ మాట గట్టిగా అనడానికి లోపల ఎంత పోగొట్టుకున్నారో నేను చూశాను.

మంగళవారం శ్మశానంలో సంతోష్ కూడా ఉన్నాడు. పక్కపక్కనే నిలబడ్డాం. నన్ను క్షమించాడో లేదో నేను ఎప్పుడూ అడగలేదు, అతను ఎప్పుడూ చెప్పలేదు. అతను ఇప్పుడు మళ్లీ వాయిస్తున్నాడు, వేరే బృందంతో.

మేం ముగ్గురం కలిసి చివరిసారి ఆ గదిలో ఉన్నది దుకాణానికి వెళ్లి వచ్చిన మూడు వారాలకు. మాస్టారే ఇద్దరినీ పిలిచారు. సంతోష్ వస్తాడనుకోలేదు. వచ్చాడు. మాస్టారు పిలిచిండ్రు, గందుకే వచ్చిన అని నాకు వినబడేలా అన్నాడు. డ్రమ్స్ లేవు. చెక్క బెంచీ మీద అరచేతులతో ఆ ఏడు తాళం మొదలుపెట్టాడు. ఆ నాలుగు నిమిషాల చోటు వాయించమన్నారు మాస్టారు, రాసుకున్నది తప్ప ఏదైనా. నాలుగు స్వరాలు వాయించి ఆగిపోయాను. చేతులు బిగుసుకుపోయాయి. సంతోష్ ఆపలేదు. నా వైపు చూడకుండా, ఏడు తర్వాత ఏడు, ఖాళీగా కొట్టుకుంటూ పోయాడు. మాస్టారు మాకు వీపు తిప్పి కిటికీ దగ్గర నిలబడ్డారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఒక చేతి బొటనవేలు మిగతా వేళ్ల మీద తాళం లెక్కపెడుతోంది. అదే చూస్తూ ఒక స్వరం నొక్కాను. తప్పు స్వరం. దాని పక్కది నొక్కాను. అదీ తప్పే, కానీ రెండూ కలిసి ఎటో వెళుతున్నట్టు అనిపించింది, వెంట వెళ్లాను. ఎంతసేపు వాయించానో తెలియదు. మళ్లీ తలెత్తి చూసేసరికి ఆయన లెక్కపెట్టడం మానేశారు. వీపు వెనక ఆ అరచేయి, వానలో చాపినట్టు, తెరుచుకుని ఉంది.