దర్జీ భుజాలు

ఎవరి కొలత తీసుకున్నా దర్జీ ముందు వాళ్ల భుజం తట్టి, "ఊపిరి బిగబట్టకు, నీ ఒళ్లు నాకు తెలీదా" అంటాడు. పెరిగే పిల్లల లాగులకు అంచులో నాలుగు వేళ్ల గుడ్డ మడిచి ఉంచుతాడు. కొత్తగా పెళ్లయిన కుర్రాళ్లకు పొట్ట వస్తుందని పక్క కుట్లలో గుడ్డ వదులుతాడు. తన చొక్కాలు మాత్రం ఇప్పటికీ పెళ్లినాటి కొలతతోనే కుట్టుకుంటాడు. వాటి భుజాలు చేతుల మీదికి జారుతున్నాయి.

"అన్నయ్య చొక్కా తొడుక్కున్న చంటాడిలా ఉన్నావు నాన్నా," అంది కొట్లో కాజాలు కుట్టే కూతురు. "ఇలా నిలబడు, కొలుస్తా."

"నాకా? నీకు టేపు పట్టడం నేర్పిందెవరే?"

అయినా నిలబడ్డాడు. భుజాల కొలత రెండంగుళాలు తగ్గింది.

"టేపు సాగిపోయింది," అన్నాడు.

సాగిన టేపు తక్కువే చూపిస్తుంది. కూతురు కొత్త టేపు విప్పి మళ్లీ కొలిచింది. అంతే వచ్చింది.

"మరి చొక్కాలు సరిచేసుకోవచ్చుగా?"

"చేస్తే ముసలాణ్ణయ్యానని నేనే చాటుకున్నట్టు. చిరిగేదాకా ఇలాగే తొడుక్కుంటా, పో."

మర్నాడు పొద్దున, గిరాకీ రాకముందే, అతను తన చొక్కాలన్నీ తెచ్చి బల్ల మీద వేసుకుని భుజాల కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.