నల్ల పెట్ట, తోలు గుడ్డు

ఇవ్వాళ పొద్దున మా పశువుల దవాఖాన వసారాలో ఉన్నవి ఇవి: గిట్ట చీలిన ఎద్దు ఒకటి, దాని ఆసామి; పాలు తగ్గిన బర్రె ఒకటి, దాన్ని చెరో పక్క పట్టుకొచ్చిన అన్నదమ్ములు ఇద్దరు, వాళ్లకు వాళ్లకు మాటల్లేవు; పాత దస్తీలో చుట్టిన కోడిపెట్ట ఒకటి, దాన్ని చంకలో పెట్టుకున్న ముసలమ్మ; నేను. పెట్టను బల్ల మీద నిలబెట్టి, "రోజూ గుడ్డు పెడుతుందా, రోజు విడిచి రోజా?" అని అడిగాను. ఆమె ముందు వెనక్కి తిరిగి వాకిలి దిక్కు చూసింది. అన్నదమ్ములు దూరంగా ఉన్నారని రూఢి చేసుకొని, అప్పుడు కూడా గొంతు తగ్గించి, "ఏడ పెడుతది సారూ" అంది. నేను పెట్టను తిప్పి చూశాను. తల మీది జుట్టు ఎర్రగా, నిండుగా ఉంది. తోక కింది రెండు ఎముకల మధ్య నా మూడు వేళ్లు సులువుగా పట్టాయి. నిన్నో మొన్నో గుడ్డు పెట్టిన కోడి అది. అధికారుల దౌరాలు పోయాయి, కోళ్లు అడిగేవాళ్లు పోయారు, కాని వాకిలి దిక్కు చూసే ఆ చూపు ఇంకా పోలేదు. ఆ చూపును నేను మొదట చూసింది మా అత్త దగ్గర.

పట్నంలో పశువైద్యం చదువు ముగిసి, నౌకరి హుకుం ఇంకా చేతికి రాని ఎండాకాలం అది. ఊరికే ఉండలేక కోస్గి దిక్కున్న మా అత్త ఊరికి పోయాను. అత్త అంటే మా నాయిన అక్క. మామ దొర గడీలో జీతం ఉండేవాడు. పొద్దు పొడవకముందు పోయి, దీపాలు పెట్టినంక వచ్చేవాడు. ఆ ఇంట్లో గోడలు దొరవి, మామ దొర మనిషి, పొయ్యిలోకి తెచ్చే కట్టెలు కూడా దొర కంచెలోవే. కోళ్లు మాత్రం అత్తవి. అవి ఎన్నంటే, నల్ల పెట్ట ఒకటి, దాని కడుపున పుట్టిన ఎర్ర పెట్టలు మూడు, మెడ మీద ఈకలు లేని పుంజు ఒకటి. ఎర్ర పెట్టలకు గుడ్లు పెట్టడమే తప్ప పొదగడం తెలియదు. గంప కింద బుద్ధిగా కూర్చొని పిల్లల్ని లేపేది నల్ల పెట్ట ఒక్కటే. అది ఉంటేనే అత్తకు పైయేడు కోళ్లుండేవి.

చదువు కొత్త కదా, పోయిన మరునాడే పని మొదలుపెట్టాను. మాకు నేర్పిన వరుస ఇది: వయసు, మేత, నీళ్లు, గూడు, గుడ్ల లెక్క. మొదటి నాలుగింటికి అత్త సరిగానే జవాబు చెప్పింది. అయిదోదానికి వాకిలి దిక్కు చూసి, "ఏడ పెడుతున్నయి అల్లుడా, నెల దాటింది" అంది. నేను నమ్మాను. గూట్లో పేలకు బూడిద చల్లించాను. నీళ్ల ముంతను నీడకు మార్చాను. పుట్ట మీద కుండ బోర్లించి చెదలు పట్టించి పొద్దూకేలకు కోళ్లకు వేయించాను. కోళ్లు నిగనిగలాడాయి గాని గుడ్డు కనపడలేదు. దాంతో నాకు అనుమానాలు మొదలయ్యాయి: ముందు ముంగిస మీద, తర్వాత పాము మీద, ఆఖరికి పక్కింటామె మీద. ఆమె గోడ మీది నుంచి మా గూటి దిక్కు చూడటం నేను గమనించాను. ఆమె చూస్తున్నది గూటిని కాదని, నన్నని తర్వాత తెలిసింది. ఒకనాడు నేను లోపల ఉండగా అత్తను అడగనే అడిగింది: "గీ పిలగాడు కోళ్లను లెక్కవెడుతుండేందక్కా? కచేరోళ్లు గిట్ల తోలిండ్రా?" అత్త చేటలో జొన్నలు చెరుగుతూ తాపీగా, "మా తమ్ముని కొడుకు. చదివి చదివి గట్లయిండు" అంది.

ఆ ఊళ్లో కోళ్ల సంగతి ఎవరూ ఎవరికీ నిజం చెప్పరని నాకు ఎవరూ చెప్పలేదు. పన్ను లెక్కలు చూసే గిర్దావరు దౌరాకు వస్తే చావిడిలో మకాం. ఆయనకూ, ఆయన వెంట వచ్చే వాళ్లకూ కూరలు ఊరి మీదివే. ఎవరింట్లో ఎన్ని కోళ్లున్నదీ ఏ నోటి నుంచి కచేరికి చేరుతుందో తెలియదు కాబట్టి, అందరూ అందరికీ ఒకే జవాబు చెప్పేవాళ్లు. మగని దగ్గర కూడా గుడ్లు దాచిన ఆడవాళ్లున్నారు. మంచోడే గాని గడీలో నోరు జారుతాడని వాళ్ల భయం.

ఒక పొద్దున నల్ల పెట్ట గూట్లో నుంచి రాలేదు. బయటికి తీసి నిలబెడితే తోక కిందికి వేలాడేసి, కాళ్లు ఎడంగా పెట్టి, ఒళ్లు నిటారుగా లేపి బాతులాగ నిలబడింది. కండ్లు అరమూతలు. ఉండుండి ముక్కుతోంది. అత్త దాన్ని చూసి నన్ను లోపలికి పిలిచి తలుపు వేసింది.

"అల్లుడా, నిన్న పెట్టలే. మొన్న పెట్టలే."

"నెల దాటిందంటివి కదత్తా."

"గది ఊరికి చెప్పే మాట."

"నేను ఊరా?"

"ఏమో మరి, నౌకరి సర్కారుదంటివి" అంది అత్త. "అడిగినోళ్లందరికి చెప్పుకుంట పోతే ఈపాటికి నాకు కోళ్లుండునా?"

అప్పుడు చెప్పింది నిజం. ఎర్రవి పెట్టడం మానాయి గాని, నల్ల పెట్ట అటుమొన్నటిదాకా పెడుతూనే ఉంది. ఆ గుడ్లు పన్నెండు జొన్నల కుండలో ఉన్నాయి. పెట్ట పొదుగుకు రాగానే దాని కింద వేయాలని దాచింది. నేను పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాను. గుడ్డు తగిలింది, కాని గట్టిగా లేదు. పెంకుకు సరిపడా సున్నం ఒంట్లో లేక మెత్తగానే తయారై, జారలేక ఇరుక్కుంది. అట్లాగే వదిలేస్తే కోడి బతకదు. బలవంతాన పిసికినా లోపల పగిలి చస్తుంది. గోరువెచ్చని నీళ్లు తొట్టిలో పోయించాను. ఆముదం కొంత నోట్లో పోసి, కొంత వేలితో వెనక రాసి, కోడిని నడుము దాకా నీళ్లలో కూర్చోబెట్టి రెండు చేతులతో పట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే సుంకరి వచ్చాడు. పటేలు కచేరి పనులకు ఊరంతా తిరిగేవాడు అతనే. అత్తకు వరుసకు తమ్ముడు.

"అక్కా, రేపు గిర్దావరు సాబు దౌరా. గుడ్లున్న ఇల్లు గుడ్లియ్యాలె, లేని ఇల్లు కోడినియ్యాలె. పటేలు మాట."

"నా కోళ్లు పెడుతలేవని ఊరంత ఎరుకనే."

"అందుకే నీ ఇంటికి ముందుగాల వచ్చిన" అన్నాడు సుంకరి. "పెట్టని కోడిని మేపుడెందుకు? గా నల్లదియ్యి. జర కండ మీదున్నది."

అత్త నా దిక్కు చూసింది. నా చేతుల్లో ఉన్న కోడి గుడ్డు పెడితే ఆమె మాట అబద్ధమవుతుంది, జొన్నల కుండలోవి పోతాయి. పెట్టకపోతే కోడే పోతుంది, చావిడి పొయ్యి మీదనో, నా తొట్టిలోనో. తొందరగా తియ్యమంటోందో, ఆపమంటోందో ఆ చూపులో నాకు తెలియలేదు. ఆపడం నా చేతిలో పని కాదు. సుంకరికి ఏదో అనుమానం వచ్చింది. గడప మీద కూర్చొని, చుట్ట ముట్టించి, "కోడికి తానమెందుకు పోస్తున్నవు కొడుకా?" అన్నాడు. అంతలోనే పెట్ట ఒక్కసారి గట్టిగా ముక్కింది. గుడ్డు నీళ్లలోకి జారింది.

సుంకరి లేచి వచ్చి తొట్టిలోకి వంగాడు. "పెడుతలేదంటివి కదక్కా."

"గది గుడ్డా? పట్టి చూడు. తోలుసంచి."

"పచ్చసొన కానొస్తాంది."

"గుడ్డయితే తీస్కపో. సాబుకు గదే వండిపెట్టుమను."

అతను దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. అది అటు ఇటు ఊగింది. చూసి చూసి మళ్లీ నీళ్లలో వేశాడు. "గిది లెక్కల రాదు. కోడినే ఇయ్యి."

"ఇస్త, తీస్కపో. మా డాక్టరు దానికి ఆముదం తాపిండు. సాబు తిని చెంబు పట్టుకొని చేన్లెంబడి తిరిగితే, ఎవరు తెచ్చిన కోడని పటేలు అడుగుతడు. నీ పేరే చెప్త."

సుంకరి నన్ను ఎగాదిగా చూశాడు. "నిజమేనా?"

"రెండు చెంచాలు తాపిన" అన్నాను.

"కూరలకు దిగుతదా?"

"ఎంత దిగుతుందో చెప్పలేను."

అది నిజమే. అటువంటి కూర మీద మాకు పాఠం లేదు. సుంకరి చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "కోడి నీకే ఉండని. కాని పెట్టే కోడని నా కండ్లతోని చూసిన. గుడ్లు తియ్యి."

"ఏడున్నయి?"

"మా అవ్వ గూడ జొన్నలల్లనే దాస్తది అక్కా. నువ్వు తీస్తవా, నేను తియ్యాల్నా?"

అత్త లోపలికి పోయి కుండ ముందర కూర్చుంది. ఒక్కొక్క గుడ్డు తీసి, జొన్న పొట్టు ఊది, అతని తువ్వాలలో పెట్టింది. ఎనిమిది పెట్టి చెయ్యి దులుపుకుంది. "అడుగు దాక పెట్టు చెయ్యి" అన్నాడు. తొమ్మిదోది తీసింది. మిగిలినవి అప్పటికే కొంగు మడతలోకి పోవడం నేను చూశాను. సుంకరి చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తువ్వాల ముడివేసుకుంటూ పక్కింటి గోడ దిక్కు చూసి, గొంతు పెంచి, "ఇంక లేవు కదా" అన్నాడు. అత్త కూడా గొంతు పెంచి లేవంది. అతను గోడ అవతలి ఇంటికి పోయాడు.

సాయంత్రం కోడికి తాపడానికి ఆకు వక్కల సున్నం తేట అడిగితే అత్త డబ్బీ నా ముందుకు తోసి, "జరసేపు ఆపితే వాడు పోవునుగద" అంది.

"ఆపితే కోడి చస్తుండె అత్తా."

"చదువుకున్నోళ్లకు అన్నింటికి ఒక మాటుంటది."

నేను సున్నం తేట తాపాను, పాత గుడ్ల పెంకులు కాల్చి పొడిచేసి మేతలో కలిపాను. పెట్ట తేరుకుంది, తర్వాత పొదుగుకు వచ్చింది. అత్త మాత్రం నేను లేవకముందే గూడు తెరిచి చూసుకునేది. మందు నా చేత వేయించుకుంది గాని, గూట్లో చెయ్యి పెట్టనివ్వలేదు. నేను కచేరి మనిషినా, ఇంటి మనిషినా అనేది ఆ ఎండాకాలం ఆమెకు తేలలేదనుకుంటాను.

ఆ గిర్దావరు ఎటు బదిలీ అయ్యాడో, ఆయన తర్వాత ఎవరు వచ్చారో నాకు గుర్తు లేదు. ఆ రోజుల్లో ఊరంతా భయపడ్డ మనుషులను కాలం నా మనసులో ఒకరితో ఒకరిని కలిపేసింది. ఒక గంప కింద ఉన్నవాటిని మాత్రం విడివిడిగా ఉంచింది. కొంగులోవి తీసి అత్త పెట్టినవి మూడు గుడ్లు. ఒకటి మురిగింది. పిల్లలు రెండు.