బావ ఎంచుకున్న కామ్‌షాఫ్ట్

మా బావ స్కూలు బస్సు నడుపుతాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క బండినైనా ఓవర్‌టేక్ చేసిన పాపాన పోలేదు. సైకిళ్ళవాళ్ళు కూడా ఆయన్ని దాటిపోతూ చెయ్యి ఊపుతారు. బస్సులో పిల్లలు ‘నత్త’ అని పేరు పెట్టారు. పైకి నవ్వేసేవాడు గానీ, ఆ పేరు ఎంత గుచ్చుకుందో ఆయన సెకండ్‌హ్యాండ్‌లో పెద్ద క్రూయిజర్ మోటార్‌సైకిల్ కొన్నాకగానీ మాకు తెలియలేదు.

కొన్నప్పట్నుంచీ ఒకటే పాట, కామ్‌షాఫ్ట్ మార్చాలని. ఇంజన్‌లో వాల్వుల్ని తెరిచి మూసే కడ్డీ అది. ఒక రకం వేస్తే బండి నెమ్మదిగా పోయేటప్పుడు, బరువు మోసేటప్పుడు బాగా లాగుతుంది. ఇంకో రకం స్పీడందుకున్నాక రెచ్చిపోతుంది, అంతవరకూ నీరసమే. రెండు సుఖాలూ ఒకే కడ్డీలో రావు. మెకానిక్‌ని కాబట్టి ఈ సంగతి నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. ఆయనేమో వీడియోలు చూసొచ్చి నాకే పాఠం చెప్పేవాడు. పొద్దున ఒకటి ఖాయం చేసి, సాయంత్రానికి మనసు మార్చుకునేవాడు. నా తల తినేశాడు.

నా బెంగంతా అక్క గురించి. ఆమె ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. మోకాలు అరిగిపోయి బస్సు మెట్లు ఎక్కలేకపోతోంది. రోజూ బావ వెనకాల కూర్చుని, మా షాపు దగ్గరికొచ్చే ఎత్తు రోడ్డు మీదుగానే పనికి వెళ్ళాలి. ఆ బండి ఇద్దరినీ మోయకపోతే ఆమె ఉద్యోగం మానుకోవాల్సిందే.

ఇద్దరూ షాపులో ఉన్నప్పుడు సూటిగా అడిగాను.

“బావా, నువ్వు ఎక్కువగా ఎక్కడ నడుపుతావు? ఒక్కడివేనా, ఇద్దరా?”

“హైవే మీద. ఒక్కణ్ణే.”

“మరి అక్క గాల్లో ఎగురుకుంటూ వస్తుందా?”

“మీ అక్క బరువెంతరా! అదో లెక్కా?”

అక్క మురిసిపోయింది. తన సన్నదనాన్ని మెచ్చుకున్నాడనుకుంది కాబోలు. “పోనీలేరా, సరదాపడుతున్నాడు, అడిగిందే వెయ్యి” అని పైగా నాకే సర్దిచెప్పింది. నాకు ఒళ్ళు మండింది. పళ్ళు కొరుక్కుంటూ స్పీడు కామే వేశాను.

మర్నాడు షట్టర్ ఎత్తుతుంటే బండి చెవులు చిల్లులు పడే చప్పుడుతో ఎత్తెక్కి వచ్చి ఆగింది. బావ ముఖం వెలిగిపోతోంది.

“చూశావట్రా ఎలా లాగిందో!”

“అక్కేది?”

“వస్తోంది. ఇద్దరం ఉంటే సగంలో వణికి ఆగిపోయింది. తను దిగింది. ఇక చూస్కో, ఒక్కణ్ణే అయితే పులే!”

రోడ్డు కిందికి చూశాను. అక్క ప్రహరీ గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ ఎక్కుతోంది. పరుగెత్తి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. చెమటైనా తుడుచుకోకుండా, ఊపిరి అందకుండానే, ముందు ఆయన్నే అడిగింది.

“నేను దిగాక బాగా ఎక్కింది కదూ?”

“పులిలా!” అన్నాడు బావ.

ఇద్దరిలో ఎవర్ని తిట్టాలో నాకు తెలియలేదు. ఆయన చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాను. అక్కను నా స్కూటర్ మీద పనికి దింపి వచ్చి పానా పట్టుకున్నాను. ఈసారి ఏ కామ్ వెయ్యాలో బావను అడగలేదు.