చీర ఉయ్యాలలో రుబ్బుగుండు

చింతామణిలో పిల్లల ఎముకల డాక్టరమ్మ మా పాప మోకాళ్ళు రెండూ పట్టుకుని, వెల్లకిలా పడ్డ కప్పలాగా పక్కలకు విప్పి చూసింది. కుడికాలు పరుపును తాకింది. ఎడమకాలు దారిలోనే ఆగింది. మళ్ళీ విప్పింది, మళ్ళీ అక్కడే ఆగింది. మూడు నెలల పాప మాత్రం ఇదంతా తనను ఆడించడానికే అనుకుని బోసినోటితో నవ్వుతోంది. స్కాన్ చూశాక డాక్టరమ్మ, ఎడమ తొంటిలో తొడ ఎముక కూర్చునే గిన్నెకు లోతు కొంచెం తక్కువగా ఉందని, చాలామంది పిల్లల్లో అది దానంతట అదే సర్దుకుంటుందని, ఆరు వారాల తర్వాత మళ్ళీ తీసుకురమ్మని చెప్పింది. అప్పటికీ కాలు విచ్చుకోకపోతే నడుముకూ కాళ్ళకూ కలిపి బెల్టు కట్టాలట. రాత్రీ పగలూ, కొన్ని నెలలు. ఆ మాట తర్వాత ఆమె చెప్పినవేవీ నా చెవిలోకి పోలేదు.

తిరుగు బస్సులో డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ తీసి చదివాను. ‘లెఫ్ట్ హిప్, అబ్డక్షన్ లిమిటెడ్’ అని ఉంది. చిక్కబళ్ళాపురంలో బి.ఎ. చదివి, పెళ్ళికి ముందు ఒక బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని. అబ్డక్షన్ అంటే ఎత్తుకుపోవడమని నాకు తెలుసు. ఎడమ తొంటిని ఎత్తుకుపోయారు, కానీ పూర్తిగా కాదు, కొంతవరకే. ఎంత కూడబలుక్కున్నా ఇదే వస్తోంది.

ఫోన్ తీసి వెతికాను. మొదట ఒక లాయరు వచ్చాడు. మైనరు పిల్లలను పెద్దవాళ్ళ దగ్గరనుంచి తీసుకుపోతే కిడ్నాప్ అనీ, ఎవరినైనా సరే బలవంతంగానో మోసపుచ్చో ఉన్నచోటినుంచి కదిలిస్తే అబ్డక్షన్ అనీ, వేలు చూపిస్తూ విడమరిచి చెప్పాడు. ఆయన తర్వాత ఆకాశంలోంచి గ్రహాంతరవాసుల ఎగిరే పళ్ళెం ఒకటి దిగి, పొలంలో నిలబడ్డ మనిషిని వెలుతురు వేసి పైకి లాక్కుంది. మూడోది తర్కశాస్త్రం. అది చూడగానే మా కాలేజీ లెక్చరరు గుర్తొచ్చాడు. కళ్ళముందున్న ఆనవాళ్ళను బట్టి, వాటికి అన్నిటికన్నా బాగా సరిపోయే కారణాన్ని ఊహించడాన్ని కూడా అబ్డక్షన్ అంటారని ఆయన చెప్పేవాడు. ఒక ఇంటిముందు చాలా చెప్పులున్నాయి, లోపలినుంచి కాఫీ వాసన వస్తోంది, కాబట్టి పెళ్ళిచూపులు అయ్యుండవచ్చు. “కానీ అది చావిల్లు కూడా కావచ్చు. చూసుకోకుండా పళ్ళికిలిస్తా లోపలికి పోవద్దండి” అని హెచ్చరించేవాడు. నాకు ఆ పేపర్లో మంచి మార్కులే వచ్చాయి.

నాలుగోసారికి ఎముకలు దొరికాయి. ఒంటి నడిమి గీతనుంచి చేతినో కాలినో పక్కకు దూరంగా జరపడం. అంతే. దొంగలదీ పళ్ళెంవాళ్ళదీ డాక్టర్లదీ అందరిదీ ఒకటే పని, ఉన్నచోటినుంచి దూరంగా తీసుకుపోవడం. అప్పటికి బస్సు బట్లహళ్ళి దాటింది. పక్కసీట్లో పాపను ఒళ్ళో పెట్టుకున్న మా అత్త, అంతసేపు ఏం చదువుతున్నానని అడిగింది. కాలు పక్కకు సరిగ్గా పోవడం లేదట అని చెప్పాను.

“పండ్లే రాలేదు బిడ్డకు. కాలు యాడికి పోవాల?” అనింది అత్త.

మా అత్తవాళ్ళది బాగేపల్లి. బజారులో కిరాణా అంగడి, అంగడికి నాలుగు వీధుల అవతల ఇల్లు. పసిపిల్లకు నూనె రుద్ది నీళ్ళుపోశాక రెండు కాళ్ళూ నిటారుగా చేర్చి, మెత్తటి పాతగుడ్డతో బిగించి చుట్టడం ఆ ఇంటి అలవాటు. అలా చుట్టవద్దని డాక్టరమ్మ బెల్టు మాటకు ముందే చెప్పింది. చుట్టకపోతే దొడ్డికాళ్ళొస్తాయని అత్త భయం. నేను ఆ రోజే రెండు నియమాలు పెట్టాను. ఒకటి, కాళ్ళు కట్టకూడదు. రెండు, పాపను ఇల్లు దాటించకూడదు. బజారంతా దుమ్ము, మా అంగట్లో అయితే మిరపకాయల ఘాటు. రెండోది డాక్టరమ్మ చెప్పింది కాదు, నా సొంతం.

“సరేమ్మా” అనింది అత్త. మా అత్త ‘సరేమ్మా’ అంటే మన మాట ఆమె చెవిన పడిందని మాత్రమే అర్థం.

ఆ రోజునుంచి పాప కాలు నాకు గడియారమైపోయింది. గుడ్డ మార్చిన ప్రతిసారీ కాళ్ళు విప్పి చూసేదాన్ని. కుడికాలు ఠంచనుగా తొమ్మిదికి పోయేది. ఎడమకాలు మూడుకు పోవాల్సింది, నాలుగున్నర దగ్గరే నిలిచిపోయేది. మా ఆయన అంగట్లోంచి ఫోన్ చేసి “ఎంతయింది?” అని అడిగేవాడు. “నాలుగుంబావు” అనేదాన్ని. ఆయన పక్కన నిలబడ్డవాళ్ళు తమ గడియారాలు అనుమానంగా చూసుకునేవాళ్ళట. కొన్ని వారాలకు ‘నాలుగు’ అయింది, తర్వాత ‘మూడున్నర’. నా నియమాలు పనిచేస్తున్నాయని లోలోపల గర్వంగా ఉండేది. అయినా గుడ్డ విప్పిన ప్రతిసారీ బెల్టే గుర్తొచ్చేది. ఆ బెల్టు ఫోటో ఫోన్లో చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ఒకరోజు మధ్యాహ్నం మిద్దెమీద గుడ్డలు ఉతికి ఆరేసి కిందికొచ్చాను. నడవలో కొక్కేనికి కట్టిన చీర ఉయ్యాల నిండుగా, బరువుగా వేలాడుతోంది. చీర ఉయ్యాలలో బిడ్డ పైకి కనిపించదు, అడుగున ఉబ్బు కనిపిస్తుంది, అంతే. ఎప్పటిలాగే ఉయ్యాల తాడును కాలి బొటనవేలికి కట్టుకుని, ఊపుతూ, జోలపాట పాడుతూ, ఎండిన గుడ్డలు మడతపెట్టాను. పాప కదల్లేదు, మెదల్లేదు. ఇంత బుద్ధిగా ఎప్పుడూ నిద్రపోలేదు. అలవాట్లు నేర్పితే పిల్లలు నేర్చుకుంటారని మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను కూడా. చాలాసేపటికి, పాలవేళ దాటిపోతోందని, చీర మడతలు విప్పి చూశాను. పాప ఊలు టోపీ ఉంది. టోపీ కింద నల్లటి రాయి ఉంది.

అప్పుడు నా చదువు పనికొచ్చింది. ఆనవాళ్ళు ఒక్కొక్కటే చూశాను. పెరటి తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. పాప లేదు. పాప బరువున్న రాయి ఉంది, అంటే ముందే ఆలోచించి వచ్చిన దొంగ. రాయి మా వంటింటి రుబ్బురోలు గుండు, అంటే దొంగ వంటింట్లోకి కూడా పోయాడు. టోపీ పెట్టాడు, అంటే మోసపుచ్చడమే. లాయరు చెప్పిన మాట అతికినట్టు సరిపోయింది. అత్త చెప్పులు కూడా లేవు. దొంగ వెనకాల పరుగెత్తి ఉంటుందని తేల్చుకున్నాను. మా అత్తకు మోకాళ్ళ నొప్పులు. మంచినీళ్ళ బిందెదాకా నడవడానికే నిట్టూరుస్తుంది. అది గుర్తురాలేదు.

మా ఆయనకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. గిరాకీ లేని మధ్యాహ్నం వేళల్లో ఆయన పళ్ళాలు దిగే వీడియోలు చూస్తుంటాడు. రాయిమీద దొంగ వేలిముద్రలుంటాయని తోచింది. దాన్ని ఉయ్యాలలో పరిచిన దుప్పటితో సహా ఎత్తుకుని, చెప్పులు లేకుండా బజారుకు పరుగెత్తాను.

వీధిలో వాళ్ళకు కనిపించింది, బిడ్డను హత్తుకుని ఏడుస్తూ పోతున్న బాలింత. మెట్లమీద కూర్చున్న ఒక అవ్వ, బిడ్డను అంత గట్టిగా పట్టుకుంటే ఊపిరాడదని కేకేసింది. గాజుల అంగడామె అడ్డమొచ్చి, డాక్టరు దగ్గరికా అని అడుగుతూ, దుప్పట్లో చెయ్యి పెట్టి టోపీమీద నిమిరింది.

“తల బాగా గట్టిపడిందమ్మా” అనింది మెచ్చుకుంటూ.

ఆమెను తప్పించుకుని అంగడి చేరి, రాయిని తక్కెడ పక్కన దించాను. మా ఆయన ఫోన్ పక్కనపెట్టి, “పాపకేమయింది?” అని దుప్పటి విప్పాడు. టోపీ తీశాడు. రాయిని చూశాడు, నన్ను చూశాడు. పాపను ఎత్తుకుపోయారని, దీన్ని పెట్టిపోయారని ఎలాగో చెప్పాను.

“లేదులేవే. అమ్మ ఇప్పుడే గదా ఇట్లొచ్చిపోయింది. రోజూ వచ్చేదే” అన్నాడు. అన్న తర్వాత నాలుక కరుచుకుని, బెల్లం అచ్చులను ఒకదానిమీద ఒకటి సర్దడం మొదలుపెట్టాడు.

రోజూ. నేను గుడ్డలు ఉతికే వేళ, తల స్నానం చేసే వేళ, ఒక కునుకు తీసే వేళ. ఆ మాట నాలోకి దిగేలోపలే ఎదుటి బట్టల అంగట్లోంచి మా అత్త బయటికొచ్చింది. చంకన పాప. కాళ్ళు రెండూ అత్త నడుముకు చెరో పక్క బార్లా చాపుకుని, చేతిలో ఎవరో ఇచ్చిన రిబ్బను ముక్క ఊపుకుంటూ, ఊరేగింపులో దేవతలాగా వస్తోంది. నేను ఏడుస్తూ నవ్వాను. పాప కూడా నన్ను చూసి నవ్వింది. అత్త మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళు తక్కెడ పక్కనున్న రాయిమీద పడ్డాయి.

“గుండును ఎవరు ఎత్తుకొచ్చినారు? ఉయ్యాల ఖాళీగా ఊగుతాంటాది గదమ్మా!”

అంతే, పాపను చంకన బిగించుకుని ఇంటివైపు పరుగు తీసింది. ఆ మోకాళ్ళతోనే. ఆమె వెనకాల, రాయిని చంకనేసుకుని నేను. గాజుల అంగడామె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మాకు కవలలని ఆమెకు ఎవరూ చెప్పలేదు మరి.

ఇంటికి పోయేసరికి ఫ్యాను గాలికి ఉయ్యాల సన్నగా ఊగుతోంది. అత్త నా చేతిలో రాయి లాక్కుని అందులో వేసి, చీరను పట్టుకుని ఊగడం ఆపి, అప్పుడు నేలమీద కూలబడింది. ఊపిరి అందాక సంగతి చెప్పింది. ఖాళీ ఉయ్యాల ఊగితే బిడ్డకు మంచిది కాదు. బిడ్డను ఇల్లు దాటించేవాళ్ళు బదులుగా గుండుకు బిడ్డ టోపీ పెట్టి పడుకోబెట్టాలి. నామకరణం రోజు ముందుగా గుండునే ఉయ్యాలలో వేసి ఊపారు, పాపకు అది అక్క అన్నారు, అదంతా నేను చూసిందే. చిక్కబళ్ళాపురంలో మా అమ్మవాళ్ళింట్లో కూడా ఆ శాస్త్రం ఉంది. కానీ అక్కడ గుండు ఆ సాయంత్రమే వంటింటికి పోయి, మర్నాడు చట్నీ రుబ్బుతుంది. ఇక్కడ దానికి సెలవు లేదని నాకెవరూ చెప్పలేదు.

పాపకు పాలిస్తూ, నాకు చెప్పకుండా ఎందుకు తీసుకుపోయారని అడిగాను. అత్త చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

“బజార్లో అడుగుతాండారమ్మా, బిడ్డకు కాలు అవిటంట గదా అని. ఇంట్లో దాచిపెడితే అవుననే గదా అనుకుంటారు. అందుకే అంగడంగడికీ తిప్పి, కాళ్ళు ఆడించి చూపించినా.” కొంచెం ఆగి, “కాళ్ళు కట్టలేదు. డాక్టరమ్మ చెప్పినాది, కట్టలేదు. ఇల్లు దాటించొద్దని చెప్పింది ఆమె కాదు, నువ్వు” అనింది.

అది నిజమే. పాపకు ఏమవుతుందోనని ఇంట్లో నేనొక్కదాన్నే భయపడుతున్నానని అన్నాళ్ళూ అనుకున్నాను. అత్త భయం కూడా అంతే ఉంది, కాకపోతే ఆమె దాన్ని చంకనేసుకుని బజారు తిరుగుతోంది.

మా ఆయన ఆ సాయంత్రం రాజీకొచ్చాడు. పళ్ళెంవాళ్ళు కూడా ఎత్తుకుపోయినవాళ్ళను మళ్ళీ తెచ్చి దించిపోతారని చెప్పాడు. పాలకు ఏడ్చే వేళకు దించుతారా అని అడిగాను. అది వీడియోలో చెప్పలేదన్నాడు.

ఆరు వారాలు నిండాక ముగ్గురం మళ్ళీ చింతామణి పోయాం. బల్లమీద పాపను పడుకోబెట్టి డాక్టరమ్మ మోకాళ్ళు పట్టుకుంది. నేను గోడవైపు తిరిగాను. అత్త నా మోచెయ్యి పట్టుకుంది. గాజులు గుచ్చుకుంటున్నా నేను కదల్లేదు. డాక్టరమ్మ “ఊఁ” అంది. ఆ ‘ఊఁ’లో ఏముందో తెలియక తిరిగి చూశాను. కుడికాలు తొమ్మిది. ఎడమకాలు మూడు. మధ్యలో పాప తన పిడికిలి తాను చప్పరిస్తోంది. కొత్త స్కాన్ కూడా బాగుంది, బెల్టు అక్కర్లేదు.

ఇంట్లో ఎలా ఎత్తుకుంటారని డాక్టరమ్మ అడిగింది. అత్త పాపను అందుకుని చంకనేసుకుని గదిలో ఒక చుట్టు తిరిగి చూపించింది. అలా కాళ్ళు విచ్చుకుని ఉండటం మంచిదేనని, కాళ్ళు కట్టకపోవడం ఇంకా మంచిదని, అయితే ఏమీ చేయకపోయినా ఈ వయసులో చాలామందికి సర్దుకుంటుందని, దేనివల్ల తగ్గిందో తాను చెప్పలేనని డాక్టరమ్మ అంది. అత్త మొదటి ముక్క విని సంతోషించింది. నేను రెండో ముక్క విన్నాను. మూడో ముక్కను ఇద్దరం అక్కడే వదిలేసి వచ్చాం.

చీటీలో ‘అబ్డక్షన్ ఫుల్’ అని రాసుంది. బస్టాండులోంచి మా ఆయనకు ఫోన్ చేశాను. “ఎంత?” అన్నాడు. “మూడు” అన్నాను. అవతల ఎవరో చక్కెర కిలో ఎంత అని అడిగారు, ఈయన “మూడు” అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి గుండు టోపీ పెట్టుకుని ఉయ్యాలలో మాకోసం ఎదురుచూస్తోంది. పొద్దున్నే దాన్ని అక్కడ పెట్టింది నేనే. అత్త చూడనప్పుడు పెట్టాను. దాన్ని తీసి పాపను వేసి, తాడు బొటనవేలికి కట్టుకున్నాను. ఇప్పుడు రెండో నియమం లేదు, మధ్యాహ్నాలు పాప బజారుకు పోతుంది, నాకు చెప్పే పోతుంది. కానీ ఒక అలవాటు మాత్రం నన్ను వదల్లేదు. ఉయ్యాల ఊపేముందు చీర మడతల్లోకి చెయ్యి పెట్టి చూస్తాను. మెత్తగా తగిలితేనే పాట మొదలుపెడతాను.