సత్తిరాజు మావయ్య, చిలుము పట్టిన తూటాలు

మా సత్తిరాజు మావయ్య దేన్నీ వాడడు, దేన్నీ పారేయడు. తోముతాడు.

తుప్పు పట్టిన సైకిలు గొలుసు, కాడ ఊడిన గరిటె, అద్దం లేని లాంతరు, ఏదైనా సరే ముందేసుకుని కూర్చుంటాడు. ఆయన లెక్కలో లోకంలోని వస్తువులన్నీ మూడు కుప్పలు: వాడాల్సినవి, పారేయాల్సినవి, తోమాల్సినవి. మొదటి రెండు కుప్పల్లో ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. "పెళ్ళిచూపులనాడు నన్ను ఏ కుప్పలో వేశారో ఇప్పటికీ చెప్పలేదురా ఈయన" అనేది సుందరమ్మత్తయ్య.

వాళ్ళది పెదపాడు అవతల, కొల్లేటి అంచున ఉన్న ఊరు. ఆ ఊరంతటికీ లైసెన్సున్న తుపాకీ మావయ్యదొక్కటే. తండ్రి నుంచి వచ్చిన జోడు గొట్టాల తుపాకీ. పెద్దాయన దాంతో బాతుల్ని కొట్టేవాడట. మావయ్య చేతికొచ్చాక అది అటకెక్కి నిద్రపోయింది. దాని తూటాలు ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. కొల్లేటి చెమ్మకి వాటి ఇత్తడి అడుగులకి పచ్చటి చిలుము పట్టింది, పైన అట్ట గొట్టాలు ఉబ్బాయి. శుభ్రం చేసుకోవాలా, బాగున్నవి ఏరుకోవాలా, స్టేషన్లో అప్పగించి వదిలించుకోవాలా? తెలివున్నవాడికి ఒక పూట పని. మావయ్యకి ఏళ్ళు పట్టింది.

ఎండ కాస్తే చాలు, డబ్బా డాబా మీదకి చేరేది.

"ఏవండీ, నా వడియాల పక్కన అవేంటండీ?"

"ఎండ అందరిదీనే."

"పేలితే?"

"నూనెలో వేస్తే నీ వడియాలూ పేలతాయి. పెట్టడం మానేశావా?"

"అది సరే, చింతపండు పెట్టి రుద్దుతున్నారు, అవేమన్నా దేవుడి చెంబులా?"

"ఇత్తడి ఇత్తడే కదే. తోమితే పనికొస్తాయి."

ఇలాంటి మనిషిని ఊరు నవ్వుకుని వదిలేసేదే. కానీ 2004లో ఆయన తూటాలకి గిరాకీ వచ్చింది. కొల్లేటిలో ఊరి వైపున్న నీళ్ళకి గట్టు కట్టి సొసైటీ పేరున చేపల చెరువు చేశారు. అంతకు ముందు అక్కడ ఊరి చివర పేటలో ఉండే సలోమి, ఆ పేట జనం వలలేసుకునేవారు. గట్టు లేచిన రోజు నుంచి వాళ్ళ వేట దొంగతనమైంది. మనుషులు మారలేదు, వలలు మారలేదు, పేరొకటే మారింది.

సొసైటీ అధ్యక్షుడు కిరణ్ కుమార్. కాపురం ఏలూరులో, కారు చెరువు గట్టు మీద. కొల్లేటి పక్షుల గురించి సభల్లో కంటతడి పెట్టేవాడు, అవే పక్షులు తన చెరువు మీద వాలితే టపాకాయలు కాల్పించేవాడు. తర్వాత సర్కారు ఆ గట్లన్నీ కొట్టేసినప్పుడు, కొల్లేటి పరిరక్షణ సభలో మొదటి వరసలో కూర్చున్నదీ ఈయనే.

ఆయన ఒకనాడు మావయ్య అరుగెక్కాడు.

"సత్తిరాజుగారూ, ఊరికి ఒక్క తుపాకీ ఉంది, అది మీ దగ్గరుంది. సాయంత్రం గట్టెక్కి ఒక్కటి పేల్చండి. జనానికి భయం ఉండాలండీ."

"గాల్లోకేనాండీ?"

"మొదటిది గాల్లోకే."

"రెండోది?"

"అది వాళ్ళ ఇష్టం."

మావయ్య డబ్బా తెచ్చి మూత తీసి చూపించాడు. "చిలుమండీ. తోముతున్నాను."

"అవి పారేసి కొత్తవి కొనండి."

"లైసెన్సు మీద ఎన్ని ఉంచుకోవచ్చో అన్నీ ఇవే ఉన్నాయి కదండీ. వీటి సంగతి తేలితేగాని కొట్టువాడు కొత్తవివ్వడు."

"అయితే స్టేషన్లో అప్పగించేయండి."

"నిక్షేపంలాంటి సరుకండీ. తోమితే పనికొస్తాయి."

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెట్టాలి. అందరూ చివరి రోజు దాకా సాగదీస్తారు. మావయ్య ఎన్నికల తేదీలు రేడియోలో విన్న పూటే మోసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఫలితాలొచ్చి, మంత్రులు ప్రమాణం చేసి, వాళ్ళలో వాళ్ళు అలగడం కూడా మొదలుపెట్టాకగాని వెనక్కి తెచ్చుకోలేదు. "మీ తుపాకీకి మేం ఎన్నాళ్ళు అన్నం పెట్టాలండీ రాజుగారూ" అని కానిస్టేబులు కబురు పెడితే, "మీ దగ్గర చెమ్మ తక్కువండీ, ఉండనివ్వండి" అన్నాడట.

ఊళ్ళో ఆయనకి చింతపండు రాజు అని పేరు పడింది. సొసైటీ మీటింగులో వెనక వరసకి, అక్కణ్ణించి గుమ్మం పక్క స్టూలుకి దిగాడు. మావయ్య ఆ స్టూలు కూడా ఇంటికి తెచ్చి తోమి పట్టుకెళ్ళాడు.

మరుసటేడు వానలు తగ్గాక ఒక ఆదివారం. ఏలూరు నుంచి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం కిరణ్ కుమార్ సొసైటీ జనంతో దూసుకొచ్చాడు.

"పట్టపగలే దిగారండీ చెరువులోకి. తీయండి తుపాకీ."

"ఇంకా రెండు మూడింటికి మెరుపు రాలేదండీ..."

ఈసారి వినలేదు. వాళ్ళలో ఒకడు అటకెక్కి తుపాకీ దింపాడు. డబ్బాలోంచి బంగారంలా మెరుస్తున్న తూటాలు రెండు ఏరి, కిరణ్ కుమారే గొట్టాల్లోకి తోసుకుని పరిగెత్తాడు. వెనకాల మావయ్య, ఆయన వెనక నేను.

పేట జనం అప్పటికే చెదిరిపోయారు. సలోమి ఒక్కతే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. వల అడుగున దేనికో తట్టుకుంది. పారిపోతే వల పోతుంది. కిరణ్ కుమార్ తుపాకీ ఎత్తాడు. గాల్లోకే పెట్టానని ఆ తర్వాత చెప్పుకున్నాడు. సలోమి గాల్లో లేదు.

టిక్కు.

రెండో మీట నొక్కాడు. టిక్కు.

సలోమి వల విడిపించుకుని భుజాన వేసుకుంది. "ఇంకా ఉన్నాయాండీ?" అని మర్యాదగానే అడిగింది. "లేకపోతే వెళ్తానండీ, పొయ్యి వెలిగించాలి."

కిరణ్ కుమార్ మావయ్య మీదకి తిరిగాడు. "ఏం చేశావయ్యా వీటిని?"

"తోమానండీ" అన్నాడు మావయ్య.

ఇంటికి నడుస్తూ అడిగాను. "మావయ్యా, నీళ్ళు తగిలితే తూటా చచ్చిపోతుందని నీకు తెలీదా?"

"తగిలితే చాలదురా. నానాలి. తోమే ముందు ప్రతిసారీ బాగా నానేసేవాణ్ణి."

"అంత కష్టమెందుకు, పారేస్తే పోయేదిగా."

"పారేస్తే కొత్తవి కొనమంటారు. అసలు తుపాకీయే అప్పగించేస్తే ఇంకెవడికో లైసెన్సు ఇప్పిస్తారు. వాడు తోముతాడా?"

నేను ఆగిపోయాను. ఈ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టి పూజించాలా అని చూస్తున్నాననుకున్నాడేమో, విసుక్కున్నాడు.

"అలా చూడకు. ఆ చెరువులో నాకూ వాటా ఉంది, తింటున్నాను. వాళ్ళ నీళ్ళని తెలిసే తింటున్నాను. వాటాతో పాటు మనిషి ప్రాణం కూడా తినమంటేనే అరగలేదు. ఇంకోటి చెప్పనా, వాడు గురి పెట్టినప్పుడు పేలుతుందనే అనుకున్నాను. నా తోముడు మీద నాకంత నమ్మకం ఎప్పుడూ లేదురా."

పొద్దు వాలుతుండగా పెరటి గుమ్మంలో సలోమి నిలబడింది. చేతిలో తామరాకు, ఆకులో ఇంకా తోకాడిస్తున్న బొచ్చె చేప.

"ఎక్కడిదే ఇది?" అంది అత్తయ్య.

"మీ చెరువులోదేనండి అమ్మగారూ."

అత్తయ్య మావయ్య వైపు చూసింది. మావయ్య చేప వైపు చూశాడు.

"నా వాటాలోదేనా సలోమీ?"

"చేపల మీద పేర్లుండవు కదండీ అయ్యగారూ."

"అయితే కిరణ్ కుమార్‌గారి వాటాలోదే అయ్యుంటుంది" అన్నాడు మావయ్య. "బాగా మేపుతాడాయన. సుందరం, సగం కోసి సలోమికి ఇచ్చెయ్యి. మిగతాది వేయించు."