బావ దాచిన చక్రాలు

ఆ రోజుల్లో నేను పొద్దున్నే లేచేవాణ్ణి కానీ పూర్తిగా మేలుకునేవాణ్ణి కాదు. కొత్త ఉద్యోగం, అక్క చేతి వంట, వాళ్ళింటి బేస్‌మెంట్‌లో మంచం, తల పక్కన గడ్డి మొదళ్ళు మాత్రమే కనపడే కిటికీ. అమెరికాలో, ఆ ఫార్మింగ్టన్ హిల్స్‌లో నవంబరు వచ్చిందంటే సూర్యుడు కూడా నాలాగే సగం మనసుతో డ్యూటీకి వచ్చి, అయిదింటికల్లా వెళ్ళిపోయేవాడు. ఆ మసక వెలుతురులో మా ఇంట్లో జరిగినవన్నీ నాకిప్పుడు కలలో జరిగినట్టే గుర్తున్నాయి, బావ చక్రాల వ్యవహారంతో సహా.

బావ కార్ల కంపెనీలో ఇంజనీరు. (తలుపు పిడులు మాత్రమే. పిడికి ఇటూ అటూ ఉన్న కారుతో ఆయనకు పెద్దగా పరిచయం లేదు.) ఆ ఏడు వేసవిలో పాత కారు అమ్మేసి అదే మోడల్‌లో కొత్తది కొన్నాడు. పాతదానికి చలికాలంలో వేసే మంచు టైర్లు, వాటి ఇనుప చక్రాలతో సహా, విడిగా ఉండేవి. కొన్నవాడు అడిగినా ఇవ్వలేదు. "పేరదే, కంపెనీ అదే, రంగు కూడా అదే. చక్రాలు ఎందుకు పట్టవురా?" అని నన్నే ఎదురు ప్రశ్న వేసి, వాటిని పాత దుప్పట్లలో చుట్టి గరాజ్‌లో పడుకోబెట్టాడు. దసరాకి అక్క కారుతో పాటు వాటికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. అంత మర్యాద నాకెప్పుడూ జరగలేదు.

బావ వాళ్ళమ్మ, అంటే మా అత్తయ్య, కాకినాడ నుంచి వచ్చి నేను చెప్పే రోజుకి ఆరు నెలలు. మర్నాడు సాయంత్రం తిరుగు ప్రయాణం. పెట్టెలు సర్దడం అయిపోయింది గానీ ఆవిడ మొహంలో మాత్రం ఏదో ఇంకా సర్దాల్సింది మిగిలిపోయినట్టుంది. అదేమిటంటే మంచు. ఆవిడ తోడికోడలు వేరే రాష్ట్రంలో కొడుకు దగ్గరికి వచ్చి, మోకాళ్ళ లోతు మంచులో పట్టుచీరతో నిలబడి ఫోటో దిగి వెళ్ళింది. మా వైపు ఆ ఏడు ఒక్క రేకు కూడా రాలలేదు.

"అమెరికా వెళ్ళి మంచు చూళ్ళేదా అని నవ్వుతుందిరా అది. పైకి నవ్వదు. నవ్వకుండా నవ్వుతుంది," అంది అత్తయ్య.

"పోనీ ఫ్రీజర్ తెరిచి చూపించనా అత్తయ్యా?" అన్నాను.

"నోర్ముయ్," అంది అక్క, అత్తగారి తరఫున.

అప్పుడే బావ ఫోన్‌లో వాతావరణం చూసి లేచి నిలబడ్డాడు. పడమటి వైపు పెద్ద సరస్సు ఒడ్డున పొద్దుటి నుంచి కురుస్తోందట. మూడు గంటలు డ్రైవ్ చేస్తే చాలు. "కానీ మంచు టైర్లు లేకుండా స్నోలోకి కారు తియ్యను," అన్నాడు. (కిందటి శీతాకాలం ఆ టైర్లు వేసేలోపే ఆయన ఎంతో నెమ్మదిగా, దాదాపు ప్రేమగా, ఎదురింటివాళ్ళ మెయిల్‌బాక్స్ మీదికి జారిపోయాడు.) అని, గరాజ్ వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. జీవితమంతా ఆ ఘడియ కోసమే ఎదురు చూసినవాడి నవ్వు అది.

డ్రైవ్‌వేలో జాకీ వేసి కారు ముందు భాగం పైకి లేపాం. మేపుల్ చెట్టు చివరి ఆకులు ఒక్కొక్కటీ తీరుబడిగా దిగుతున్నాయి. మా ఊపిరి పొగలై కారు కింద తచ్చాడుతోంది. అత్తయ్య చీర మీద బావ కోటు తొడుక్కుని, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్‌తో, కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. బావ నట్లు విప్పి కొత్త చక్రం ఊడదీశాడు. నేను పాత చక్రాన్ని పసిబిడ్డలా ఎత్తుకొచ్చి పెట్టాను. ఎక్కలేదు.

"కొంచెం తిప్పు," అన్నాడు బావ. తిప్పాను. "ఇటు కాదు, అటు." అటూ తిప్పాను. "తుప్పు పట్టుంటుంది, గట్టిగా నొక్కు." నొక్కాను. చక్రం మాతో ఎంతో మర్యాదగా, ఎంతో గట్టిగా విభేదించింది.

"ఒకసారి అవతల పెట్టండర్రా, బొట్టు పెట్టి మొదలెట్టాలి. అందుకే ఎక్కట్లేదు," అంది అత్తయ్య. గోడకి చేరేసిన పాత చక్రం దగ్గర కూర్చుని కన్నం కన్నానికీ పక్కన ఒక చుక్క పెట్టింది. తర్వాత కారు దగ్గరికొచ్చి, బయటికి పొడుచుకొచ్చిన బోల్టు బోల్టుకీ చుక్క పెట్టింది. పెట్టి, ఆగి, మళ్ళీ చక్రం వంక చూసింది.

"అబ్బాయ్, దానికి నాలుగే పడ్డాయి. దీనికి అయిదు పట్టాయేమిట్రా?"

ఒక మేపుల్ ఆకు బావ భుజం మీద వాలింది. ఆయన దులుపుకోలేదు.

"డిజైన్ మార్చినప్పుడు బోల్టులూ మార్చుంటారు," అన్నాడు చివరికి.

"మీ కంపెనీలో తలుపు పిడులవాళ్ళకి చెప్పలేదా బావా?" అన్నాను. గుమ్మంలో నిలబడ్డ అక్క కూడా నవ్వింది. అత్తయ్య నవ్వలేదు. "పోన్లేరా, లోపలికి పదండి, చలి," అని భరిణె మూత పెట్టుకుంది. ఆ మూత పెట్టిన తీరు చూశాక నా నవ్వు నాకే ఎబ్బెట్టుగా అనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది, నేను ఆఫీసుకి వెళ్ళే దారిలో, మంచు గచ్చు మీద జారి ఆడుకునే స్కేటింగ్ రింకు. లోపల మంచు నేలని గీకి నునుపు చేసే బండి ఒకటుంటుంది. గీకిందంతా తెచ్చి భవనం వెనక పార్కింగ్‌లో పోస్తుంది. "ఊళ్ళోనే, పొడి రోడ్డు మీద, ఈ చక్రాలతోనే వెళ్ళొచ్చు," అన్నాను. బావ నా వంక అనుమానంగా చూశాడు కానీ, విప్పిన చక్రాన్ని మళ్ళీ బిగించాడు.

నలుగురం వెళ్ళేసరికి రింకు వెనక చెత్త డబ్బాల పక్కన ఆ గుట్ట ఉంది. అంచుల్లో కాస్త మురికి, నడుమ మాత్రం తెలుపు. అత్తయ్య వంగి అరచేతిలోకి తీసుకుంది. "చల్లగా ఉందిరా," అంది, ఎన్నాళ్ళుగానో విన్న పుకారు నిజమని తేలినట్టు. ఫోటోలో చెత్త డబ్బాలు పడకుండా ఎక్కణ్ణించి తియ్యాలా అని బావ ఫోన్ పట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడు.

ఇంతలో వెనక తలుపు పైకి లేచి బండి బయటికొచ్చింది. నడిపే ఆయన అత్తయ్యని చూసి చెయ్యి ఊపి, తొట్టి ఎత్తాడు. బరువంతా గుట్ట మీద పడింది. తేలికైన పొడి మాత్రం గాలిలోకి లేచింది. వాలుతున్న ఎండలో మెరుస్తూ, ఏ తొందరా లేకుండా అది ఆవిడ జుట్టు మీద, కోటు మీద, చాచిన చేతుల మీద దిగింది.

"కురుస్తోందిరా!" అంది అత్తయ్య.

"అమ్మా, కదలకు, ఫోటో..." అన్నాడు బావ.

"ఫోటో తర్వాత! నువ్వు ఇటు రా. నువ్వూ రా అమ్మా. ఒరేయ్, నువ్వు కూడా."

వెళ్ళి నిలబడ్డాం. తోడికోడలి మాట ఆవిడా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. బండి లోపలికి వెళ్ళిపోయాక కూడా, గాలిలో ఏమీ మిగల్లేదని తెలిసీ, నలుగురం కాసేపు పైకి చూస్తూనే ఉన్నాం. నా నాలిక చివర ఒక మంచి జోకు తయారుగా ఉండింది. ఆ గుంపులో అందరికంటే తెలివైనవాణ్ణి నేనే అనుకునే వయసు, ఏ సందర్భాన్నీ ఊరికే వదిలేవాణ్ణి కాదు. ఎందుకో ఆ పూట మింగేశాను. ఇన్ని శీతాకాలాల తర్వాత, మా ఇంటి ముందు పార పట్టుకుని మంచు ఎత్తుతున్నప్పుడల్లా ఆ జోకేమిటో గుర్తు తెచ్చుకుందామని చూస్తాను. రాదు. బాగానే ఉండి ఉంటుంది, పాపం.